పావు తిప్పు

పద్నాలుగేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్న అబద్ధం. చెప్పడానికి ఒక్క గుక్క పట్టింది. మోయడానికి ఇన్నేళ్ళు పట్టింది, ఇంకా దించుకోలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ఎదురుగా మనిషి కూర్చుంటే నా నోరు పెగలదు. పెగలాల్సిన రోజునే పెగలలేదు, ఇక ఇప్పుడేం పెగులుతుంది?

ముందే చెప్తాను, ఇందులో బండి బోల్తా పడి ఎవరూ చావలేదు. నేను మెకానిక్కునని చెప్పగానే అందరి ఆలోచనా అటే పోతుంది. ఏ బోల్టో బిగించడం మరిచిపోయి ఉంటాడు, ఎక్కడో బ్రేకు పడి ఉండదు, పాపం ఎవరి కొంపో ముంచి ఉంటాడు అని. అలాంటిదైతే పోలీసులు వచ్చేవాళ్ళు, కేసయ్యేది, జైలో బెయిలో ఏదో ఒకటి తేలేది. నేను చేసినదానికి కేసు లేదు. రక్తం చుక్క కారలేదు. అందుకే ఇన్నేళ్ళు దాగింది. ఒక మనిషికి తన చేతిమీద ఉన్న నమ్మకాన్ని తీసేశాను. అంతే. అంతే అని రాస్తున్నాను గానీ, ఆ మనిషికి అది తప్ప వేరే ఆస్తి లేదు.

ఆయన పేరు ఖలీల్ భాయ్. ఇది అసలు పేరు కాదు, అసలు పేరు రాయడానికి నాకు అర్హత లేదు. మా బాన్సువాడలో బస్టాండు దాటి కొంచెం పోతే రోడ్డు పక్కన వరసగా షెడ్లుంటాయి. టైర్లవాళ్ళు, వెల్డింగువాళ్ళు, బ్యాటరీలవాళ్ళు. అందులో ఒక రేకుల షెడ్డు మాది. మాది అంటే ఆయనది. నేను అంతకుముందు కిరాయి జీపు నడిపేవాణ్ణి. గుంతల రోడ్లమీద నడిపి నడిపి నడుం పట్టేసింది, కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. అప్పటికే నాకు పెళ్ళై ఇద్దరు ఆడపిల్లలు. "ఫికర్ చెయ్యకు తమ్మి, నా దగ్గరికి రా. బండి తోలినోనికి బండి బాధ తెలుస్తది" అని ఆయనే పిలిచి చేతికి పానా ఇచ్చాడు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నాకు అన్నం పెట్టిన పని అంతా ఆయన నేర్పిందే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు చూడండి, ఆ సామెత నాకోసమే పుట్టింది.

ఖలీల్ భాయ్ ఇంజన్ల జోలికి పోడు. ఆయనది వెనక ఇరుసు. జీపు వెనక చక్రాల మధ్య పెద్ద బొప్పిలాగా ఒక ఇనుప గుండు ఉంటుంది, దాన్ని మేం హౌసింగ్ అంటాం. బండి వెనకనుంచి ఏదైనా చప్పుడు వస్తోందంటే పదిమంది మెకానిక్కులు పది మాటలు చెప్తారు. ఒకడు టైరంటాడు, ఒకడు కమాను పట్టీ అంటాడు, ఏమీ తోచనివాడు హౌసింగ్ విప్పాలంటాడు. భాయ్ మాత్రం బండి వెనక్కి ఎక్కి, సీటు మీద కాదు, కింద రేకుమీద కూర్చుని, నన్ను తోలమనేవాడు. తొక్కు. వదులు. మళ్ళీ తొక్కు. ఇప్పుడు న్యూట్రల్ చెయ్యి. "బండి ఏడుపు చంటిపిల్ల ఏడుపు లెక్కనే తమ్మి. ఎప్పుడు ఏడుస్తుందో చూడు, ఎందుకు ఏడుస్తుందో నీకే తెలుస్తది" అనేవాడు. ఎక్సలేటరు తొక్కినప్పుడు ఊళపెట్టి వదలగానే ఆగితే లోపలి పళ్ళ చక్రాలు. న్యూట్రల్లో కూడా గరగరమంటూనే ఉంటే చక్రం బేరింగు. ఇట్లా ఒక్కొక్కటీ చెప్పేవాడు. నేను రాసుకునేవాణ్ణి, నవ్వేవాడు.

చెవి ఒక ఎత్తు. చెయ్యి ఇంకో ఎత్తు. ఇంజనునుంచి వచ్చే పొడుగాటి రాడ్డు హౌసింగులోకి దూరే చోట పినియన్ అని చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. దాని మూతిమీద ఒక పెద్ద నట్టు. ఆ నట్టు ఎంత బిగించాలన్నదే అసలు విద్య. తక్కువ బిగిస్తే పినియన్ ఊగి పళ్ళు తింటుంది, ఎక్కువ బిగిస్తే బేరింగు వేడెక్కి అరుస్తుంది. ఎంత బిగిసిందో కొలిచే పానాలు పట్నంలో దొరుకుతాయి. భాయ్ ఎప్పుడూ కొనలేదు. నట్టు బిగించి, మూతిని గుప్పిట్లో పట్టుకుని మెల్లగా తిప్పి చూసేవాడు. చిక్కటి మజ్జిగలో కవ్వం తిప్పినట్టు ఉండాలె అనేవాడు. కళ్ళు మూసుకుని తిప్పి, ఇంకొంచెం బిగించి, మళ్ళీ తిప్పి, ఇక చాలు అనేవాడు. ఆయన చాలు అన్నాక ఆ హౌసింగ్ మళ్ళీ విప్పిన రోజు నేను చూడలేదు. పళ్ళు సరిగా కలుస్తున్నాయో లేదో చూడడానికి హనుమాన్లకు పూసే సింధూరాన్ని నూనెలో కలిపి పళ్ళకు రాసేవాడు. గుడి ముందు కొట్టువాడు ఆయనకోసం పొట్లం కట్టి పక్కన పెట్టేవాడు.

నాకు అసూయ ఉండేదా? ఉండేది. ఇన్నేళ్ళు నాకు నేను లేదనే చెప్పుకున్నాను. పదేళ్ళు అదే షెడ్డులో నూనెలో మునిగి పనిచేస్తే, వచ్చినవాడు నన్ను చూసి, "భాయ్ లేడా? ఐతె మల్లొస్త" అని బండి తిప్పుకుని పోయేవాడు. పదేళ్ళూ అంతే. నేనున్నాను కదా అని ఒక్కడికీ తోచలేదు. బయట నన్ను పేరు పెట్టి కూడా పిలిచేవాళ్ళు కాదు, భాయ్ కాడ ఉంటడే ఆయన అనేవాళ్ళు. ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. పైకి నవ్వేవాణ్ణి. లోపల ఏం పెరుగుతోందో నాకే తెలియదు. లేక తెలిసీ తెలియనట్టు ఉన్నానా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందట.

ఇక అసలు సంగతి.

వర్ని వైపు ఒక ఊరినుంచి ఒక పటేల్ తన జీపు మా దగ్గరికే తెచ్చేవాడు. వరి, చెరుకు పండించే పెద్ద రైతు, ముక్కోపి, మాట పడడు. వానలు పడకముందు ఒకరోజు గ్రీజు కొట్టడానికి జీపు వదిలి విత్తనాల దుకాణానికి పోయాడు. వాళ్ళ అమ్మ వెంట వచ్చింది, బల్లమీద కూర్చుంది. భాయ్ సామాను తేవడానికి పోయాడు. నేనొక్కణ్ణే. ఆ అవ్వ నన్ను పిలిచి రొంటిన దోపుకున్న చిన్న మూట తీసింది. పచ్చబట్ట, దారంతో గట్టిగా చుట్టి ఉంది.

"గుట్ట మీది దర్గ నుంచి తెచ్చిన బిడ్డ. మా పెద్దోడు మోటర్ మీదనే పోయిండు. ఈ చిన్నోనికి ఏం గాకుంట గీ ఎనక ఇరుసు కాడ కట్టు. మావోనికి గివన్ని పట్టయి, చూస్తె పీకి పారేస్తడు. ఎవలకు చెప్పకు. చెప్తె పన్జెయ్యది."

ఆమె కళ్ళు చూసి కాదనలేకపోయాను. మూటలో ఏదో గట్టిగా తగిలింది. ఏమిటని అడగలేదు, మొక్కు సంగతి అడగకూడదు. బురద తగలకుండా ఉంటుందని ఇరుసుకు కాకుండా దానికి సరిగ్గా పైన, జీపు ఒంటిని మోసే ఛాసిస్ కడ్డీకి తీగతో కట్టాను. ఇరుసుకే కట్టి ఉంటే ఏమీ అయ్యేది కాదు. నా అతి తెలివి. పినియన్ మూతికీ ఆ మూటకూ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు.

నాట్లు మొదలయ్యాయి. కాలువ నీళ్ళు వదిలారు. పటేల్ జీపులో నాట్లు వేసే ఆడవాళ్ళను పన్నెండు మందిని, పదిహేను మందిని ఎక్కించుకుని పొలాలకు తిప్పుతున్నాడు. వెనకనుంచి కర్రుకర్రుమని చప్పుడు. తెచ్చి మా దగ్గర పెట్టాడు. భాయ్ జాకీ పెట్టి చక్రాలు తిప్పించాడు, చప్పుడు లేదు. ఒక్కడే ఎక్కి బస్టాండు దాకా పోయి వచ్చాడు, లేదు. మనుషులు నిండా ఎక్కితేనే వస్తుందని పటేల్ అన్నాడు. బరువు పడితే అరిచేది బేరింగే కాబట్టి భాయ్ హౌసింగ్ విప్పాడు. ఎవరైనా అదే చేస్తారు. రెండు రోజులు పట్టింది. బేరింగులు మార్చాడు, సింధూరం రాసి పళ్ళు చూశాడు, నట్టు బిగించి కళ్ళు మూసుకుని తిప్పి చూశాడు. చాలు అన్నాడు.

ఆ మాట నాకు నోటు పుస్తకంలో రాసుకున్నట్టు గుర్తుంది. చాలు అన్నాడు, నేను విన్నాను.

ఈ రెండు రోజుల్లో నాకు ఆ మూట గుర్తు రాలేదా అని మీరు అడుగుతారు. రాలేదు. దేవుడి మీద ఒట్టు, అప్పటిదాకా నేను దోషిని కాదు. కట్టి రెండు నెలలైంది, మరిచేపోయాను. కిందంతా పొలం బురద, మందంగా గట్టిపడిన బురద, ఏది ఇనుమో ఏది మట్టో తెలియకుండా ఉంది.

మూడోనాడు పటేల్ మనుషుల్ని ఎక్కించుకునే వచ్చాడు. జీపు ఆగకముందే చప్పుడు వినిపించింది. అదే కర్రుకర్రు. "ఏంది భాయ్, రెండు దినాలు బండి పండవెట్టి గిదేనా నువ్వు చేసింది?" అని పదిమందిలో అరిచాడు. టీ కొట్టు దగ్గరివాళ్ళు కూడా లేచి చూశారు. భాయ్ జీపు వెనక్కి ఎక్కాడు. ఆ ఆడవాళ్ళ కాళ్ళ మధ్య రేకుమీద కూర్చుని, చెవి ఆనించి, కాలువ దాకా పోయి వచ్చాడు. దిగి దుమ్ము దులుపుకున్నాడు. "హౌసింగ్ ల ఏం లేదు పటేల్. లోపలి చప్పుడు గాదిది. బయట ఏదో తగులుతుంది. నా చెయ్యి అబద్ధం చెప్పది" అన్నాడు. పటేల్ వెక్కిరింతగా నవ్వాడు. అది శుక్రవారం. నమాజు వేళైంది. "కింద బురద మొత్తం కడుగు తమ్మి, వచ్చి చూస్త" అని నాకు చెప్పి టోపీ జేబులోనుంచి తీసుకుంటూ పోయాడు. పటేల్ ఆడవాళ్ళను అక్కడే దింపి, కోపంగా టీ కొట్టు వైపు పోయాడు.

నేను జీపు కిందికి దూరి నీళ్ళ పైపు పట్టాను. బురద పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. ఒక చోట పచ్చబట్ట చిరుగు కనిపించింది.

పైపు అటు తిప్పాను. చిరిగిన బట్టలోంచి చిన్న తాళంకప్ప ఒకటి బయటికి వచ్చి మెరుస్తోంది. దర్గా దగ్గర అమ్ముతారు, గండాన్ని తాళం వేసి కట్టేస్తారట. ఆ ఇనుము అరిగి మెరుస్తోంది, దాని కింద పినియన్ మూతితో పాటు తిరిగే రాడ్డు బోల్టులమీద గీతలు పడ్డాయి. అంతా అర్థమైంది. మనుషులు ఎక్కితే జీపు ఒళ్ళు కిందికి దిగుతుంది, ఆ నాలుగు వేళ్ళ సందు మూసుకుపోతుంది, తాళం తిరిగే బోల్టులకు తగులుతుంది. జాకీ పెడితే ఒళ్ళు పైకి లేస్తుంది, చప్పుడు మాయం. భాయ్ చెప్పింది అక్షరాలా నిజం. బయట ఏదో తగులుతోంది. అది నేను కట్టింది.

తీగ కత్తిరించి మూట జేబులో వేసుకున్నాను. అప్పుడు నా మనసులో ఏముందో నిజం చెప్తాను. భాయ్ రాగానే పక్కకు పిలిచి చూపిద్దామనుకున్నాను. నవ్వుతాడు. అరే పాగల్ అని నెత్తిమీద ఒకటి పీకుతాడు. ఇద్దరం కలిసి పటేల్‌కు ఏదో సర్దిచెప్తాం, అవ్వ మాట బయటపడకుండా. ఏదో కడ్డీ సందులో రాయి ఇరుక్కుంది అంటే సరిపోయేది. ఎంత సులువు! రాయి ఇరుక్కుంది. ఆ రెండు మాటలు ఇన్నేళ్ళలో ఎన్ని వేలసార్లు అనుకున్నానో.

కిందనుంచి బయటికి వచ్చేసరికి పటేల్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. వెంట ఇంకో ఇద్దరు రైతులు. "ఏమన్న దొరికిందా?" అన్నాడు. నా చేతిలో పెద్ద పానా ఉంది, దేనికో పట్టుకున్నాను. నోరు దానంతట అది కదిలింది.

"పినియన్ నట్టు జర ఎక్కువ బిగిసింది పటేల్. సదిరిన."

నట్టు నేను ముట్టుకోనే లేదు. ఎందుకన్నాను? ఆ ముగ్గురూ నన్ను చూస్తున్నారు. నన్ను. భాయ్ లేడా అని అడగడం లేదు. అదొక్కటేనా? అదొక్కటే అనుకుంటాను. ఇంతకంటే పెద్ద కారణం దొరికితే బాగుండునని చాలా వెతికాను, దొరకలేదు. ఆడవాళ్ళను ఎక్కించి తిప్పి చూశారు. చప్పుడు లేదు. పటేల్ దిగి నా భుజం తట్టి, "గిన్ని దినాలు గీ పని నీకియ్యకుంట ఆయనకెందుకిచ్చిన్నో" అన్నాడు. ఆ మాట నాకు తియ్యగా ఉంది. సిగ్గు విడిచి రాస్తున్నాను, చాలా తియ్యగా ఉంది.

అప్పుడు భాయ్ వచ్చాడు. తలమీద టోపీ ఇంకా తీయలేదు. పటేల్ నవ్వుతూ అంతా చెప్పాడు, పదిమందికీ వినపడేలా చెప్పాడు. భాయ్ నా వైపు తిరిగాడు. ఆయన మొహంలో కోపం లేదు, అనుమానం అసలే లేదు.

"నట్టు ఎక్కువైందా తమ్మి?"

"అవ్ భాయ్."

"ఎంత?"

ఒక మెకానిక్కు ఇంకో మెకానిక్కును అడిగే ప్రశ్న అది. అక్కడైనా ఆగాల్సింది.

"పావు తిప్పు."

పావు తిప్పు అంటే పానాను గడియారంలో మూడు గంటలంత తిప్పడం. ఆ నట్టుకు అది చాలా ఎక్కువ. కొత్తగా పని నేర్చుకునేవాడు కూడా అంత పొరపాటు చెయ్యడు. తక్కువ చెప్తే నమ్మరని అంత చెప్పాను. భాయ్ తన కుడిచేతిని తిప్పి అరచెయ్యి చూసుకున్నాడు. వేళ్ళు ముడిచి తెరిచాడు. "పావు తిప్పా" అని మెల్లగా అన్నాడు, నాతో కాదు. తర్వాత పటేల్ దగ్గరికి పోయి, "గల్తీ నాదే పటేల్, మాఫ్ చెయ్యి" అన్నాడు. జేబులో తాళం నా తొడకు గుచ్చుకుంటోంది. నేను పానాలు సర్దుతూ ఉండిపోయాను.

ఆయన నన్ను నమ్మాడు.  తన చెవి బయట అని చెప్పింది, తన చెయ్యి చాలు అని చెప్పింది. ఆ రెండింటినీ కాదని నా మాట నమ్మాడు. నేనెందుకు అబద్ధం చెప్తానని. తన తమ్ముడినెందుకు అనుమానించాలని.

మూట ఆ సాయంత్రమే కాలువలో పారేశాను. అవ్వకు మాటిచ్చాను, అందుకే చెప్పలేకపోతున్నానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మూడేళ్ళకు అవ్వ పోయింది. ఆ సాకూ ఆమెతోనే పోయింది. అయినా చెప్పలేదు. అంటే అది ఏనాడూ అవ్వకోసం కాదు.

ఇక్కడితో ఆగి ఉంటే ఒక మాట పడ్డాడు, మరిచిపోయాడు అనుకునేవాణ్ణి. ఆగలేదు. నెల తిరగకముందే ఒక కిరాణా వ్యాపారి వ్యాను తిరిగి వచ్చింది. ఆ జీపు తర్వాత భాయ్ చేసిన హౌసింగ్ అది. ఈసారి చప్పుడు నిజంగానే లోపలినుంచి వస్తోంది, ఊళలాగా. భాయ్ విప్పనన్నాడు, నువ్వే చూడు అన్నాడు. నట్టుకు పానా వేసి చూశాను. వదులుగా ఉంది. ఎంత వదులు? మీరు ఊహించే ఉంటారు. సరిగ్గా పావు తిప్పు. తన చెయ్యి అంత ఎక్కువ బిగిస్తోందని నేను చెప్పాను కదా, చాలు అనిపించిన చోటుకు వచ్చాక అంత వెనక్కి తిప్పాడు. కొలిచే పానా ఏదీ లేకుండా, నేను చెప్పిన అబద్ధాన్ని వెంట్రుకవాసి తేడా రాకుండా కొలిచి తిప్పాడు. అంత నిఖార్సైన చెయ్యి. అది నా ముందు నోరు తెరిచి సాక్ష్యం చెప్తుంటే నేను ఏం చేశాను? సరిగా బిగించి, చేతులు తుడుచుకుని, "జర వదులైంది భాయ్" అన్నాను.

ఇంకో రెండు బండ్లు అట్లాగే వచ్చాయి. ఊళ్ళో మాట పాకింది. ఖలీల్ భాయ్ చెయ్యి పోయిందట. వయసైపోయిందట. యాభై కూడా దాటలేదు ఆ మనిషికి. ఒకరోజు పొద్దున షెడ్డు తాళంచెవులు, పానాల డబ్బా నా ముందు పెట్టి, "ఇగ నువ్వే చూస్కో తమ్మి. నా చెయ్యి నా మాట ఇంటలేదు" అన్నాడు. వద్దన్నాను. గట్టిగా అనలేదు.

రోడ్డుకు అటుపక్క టైర్ల కొట్టులో గాలి కొట్టే పనికి కుదిరాడు. పదమూడేళ్ళు. నేను పొద్దున షట్టరు తీస్తే ఎదురుగా ఆయన. సైకిళ్ళకు, మోటారు సైకిళ్ళకు వంగి గాలి కొడుతూ. నాకు పేరొచ్చింది. బోధన్ నుంచి, రుద్రూర్ నుంచి బండ్లు వచ్చేవి. ఎవరైనా దారి తెలియక వెనక చప్పుడని ఆయన్ని అడిగితే, పని ఆపి రోడ్డు దాటించి నా షెడ్డు దాకా తనే తోలుకొచ్చేవాడు. "మా తమ్మి. నాకంటే మంచిగ చేస్తడు" అనేవాడు. అందులో ఎత్తిపొడుపు ఉండేది కాదు. ఉంటే నేను కొంచెం బతికేవాణ్ణి.

ఒకసారి చెప్పబోయాను. ఇద్దరం చాయ్ తాగుతున్నాం. "భాయ్, ఆ పటేల్ జీపు..." అన్నాను. చెయ్యి అడ్డం పెట్టాడు. "గా మాట ఎత్తకు తమ్మి. సిగ్గైతది" అన్నాడు. నేను ఆపేశాను. ఆయన ఆపమన్నాడు కాబట్టి ఆపేశానని చాలాకాలం అనుకున్నాను. ఛీ. నాకు హాయిగా అనిపించి ఆపేశాను.

ఈ ఎండాకాలం పోయాడు. షుగరు, తర్వాత కిడ్నీలు. దవాఖానలో రెండుసార్లు చూసి వచ్చాను. రెండోసారి నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయాడు, నర్సు వచ్చింది, నేను లేచి వచ్చేశాను. జనాజా నమాజుకు ముందు వాళ్ళ బామ్మర్ది నిలబడి అడిగాడు, ఈయన ఎవరి మనసైనా నొప్పించి ఉంటే అల్లా కోసం మాఫ్ చెయ్యండి అని. వాళ్ళలో అది పద్ధతి. నేను వెనక చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాను. అందరూ మాఫ్ అన్నారు.  పాడె మోశాను, అందరితో పాటు మట్టి వేశాను.

మూడోరోజు పోయినవాళ్ళకోసం దువా చేసే జియారతుకు పోతే భాయ్ భార్య, మా భాభీ, నన్ను లోపలికి పిలిపించింది. ఆయన మంచం ఎత్తేసి గోడకు నిలబెట్టి ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

"ఆయన నీకు సెపరేటుగ చెప్పుమన్నడు తమ్మి. అందరిల అడిగింది వేరే, నిన్ను ఒక్కనిగ అడుగుమన్నడు. గా జీపు కాడ తన చెయ్యి తప్పి మీ ఇద్దరి షెడ్డు ఇజ్జత్ తీసిండంట. నువ్వు గిన పట్టుకోకుంటె షెడ్డే మూతవడునంట. పోయేదాంక అదే ఫికర్. మాఫ్ అను తమ్మి. నీ నోటితోని అను. ఆయనకు తేలికైతది."

ఆ మాటలు విన్నాక భూమి చీలి నన్ను మింగితే బాగుండేది. మింగలేదు. ఆమె చేతులు రెండూ దగ్గర పెట్టుకుని నా నోటివైపే చూస్తోంది. చెప్పడానికి నాకు మిగిలింది ఆ ఒక్క నిమిషమే. ఆయన తప్పేం లేదు భాభీ, నేనే దొంగను అంటే చాలు. ఆమె నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది, పొమ్మన్నా బాగుండేది. ఆమె గుండె పగులుతుందని ఆగానా? నా పేరు పోతుందని ఆగానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తేల్చుకోలేకపోతున్నానంటే రెండోదే అయ్యుంటుంది.

"మాఫ్ చేసిన భాభీ" అన్నాను.

ఆమె ఏడుస్తూ నాకు దువా ఇచ్చింది. నీ పిల్లలు సల్లగుండాలె అంది. నేను తల వంచుకుని తీసుకున్నాను.

పద్నాలుగేళ్ళ కిందటి అబద్ధాన్ని అసూయ అనుకుందాం, తొందరపాటు అనుకుందాం. మొన్న చెప్పిన మాటకు నా దగ్గర పేరు లేదు. ఏ తప్పూ చెయ్యని మనిషి తప్పు తనదేననుకుని చచ్చిపోయాక కూడా క్షమాపణ అడిగితే, ఆ తప్పు చేసినవాణ్ణి నేను, పెద్దమనిషిలాగా క్షమించాను. నన్ను ఎవరు క్షమిస్తారని అడగడం లేదు. క్షమించగలిగిన ఒక్క మనిషినీ మట్టిలో పెట్టి వచ్చాను. భాభీకి చెప్తానా? రేపు పోదాం అని రోజూ అనుకుంటున్నాను. నా మాట మీరు నమ్మకండి, నేను నమ్మడం లేదు.

కనీసం ఒక్కచోటైనా నిజం ఉండాలని ఇది రాశాను. రాస్తుంటే గుండెలో పట్టేసింది ఏదో కొంచెం వదిలింది, అంతవరకే. భాయ్, నట్టు సరిగానే ఉంది. నువ్వు ఎక్కడ చాలు అన్నావో అక్కడే ఉంది. నేను దాన్ని ముట్టుకోనే లేదు.